ఉమాకాంతం పూర్తిచేసిన మాట

రాజమండ్రికి దగ్గర్లో, గోదావరి గట్టునున్న ఒక నీటి పరిశోధన కేంద్రంలో ఉమాకాంతం అనే శాస్త్రవేత్త ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, నలుగురు కూర్చున్న గదిలో కాసేపు ఎవరూ మాట్లాడకపోతే చాలు, ఆయన గుండె దడదడలాడిపోయేది. కుర్రతనంలో మొదటిసారి సభలో మాట్లాడి, "ఏమైనా అడుగుతారా?" అంటే ఒక్కరూ నోరు మెదపలేదట. ఆ మౌనం ఆయన్ని పీడకలలా పట్టుకుంది. అందుకని ఎవరైనా మాట కోసం తడుముకుంటే ఆయనే అందించేసేవాడు. అందించడమేమిటి నా మొహం, వాక్యమంతా తనే పూర్తిచేసి, జవాబు కూడా తనే చెప్పేసేవాడు.

ఆ ఏడు తొలకరిలో ఆయన ఒక హ్యాక్ వీక్ పెట్టాడు. పేరు విని కంగారుపడకండర్రా, ఎవరి కంప్యూటర్లోకో దొంగతనంగా దూరడం కాదది. వేర్వేరు ఊళ్ళ శాస్త్రవేత్తలు ఒక వారంపాటు ఒక్కచోట కూర్చుని, ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకుంటూ, కలిసి ఒక పని చెయ్యడం. వీళ్ళ పని ఏమిటంటే, ఎగువన ఆనకట్ట గేట్లెత్తితే ఆ నీళ్ళు కిందికి ఎప్పుడొస్తాయో ముందే చెప్పే ప్రోగ్రాం రాయడం. నది మధ్య లంకల్లో పంటలు వేసుకునే రైతులకి ఆ కబురు ఫోన్లో అందాలని ఆయన ఆశ.

మర్యాదలకి లోటు చెయ్యలేదు. వచ్చినవాళ్ళని వచ్చినట్టు గుమ్మంలోనే పలకరించాడు. అల్లం టీ తనే పోసి ఇచ్చాడు. "ఇక్కడ పెద్దా చిన్నా తేడా లేదు, ఎవరికి ఏం తోస్తే అది చెప్పెయ్యండి," అన్నాడు. అందరూ సంతోషించారు. కానీ మార్కాపురం నుంచి వచ్చిన దానియేలు అనే కుర్ర శాస్త్రవేత్త ఆలోచించి ఆలోచించి మాట్లాడే మనిషి. రెండు మాటలనేలోపే ఉమాకాంతం మూడోది అందుకునేవాడు. పార్వతీపురం నుంచి వచ్చిన కుముదిని అయితే, మొక్కల మీద పరిశోధన చేసే పిల్ల, వచ్చినప్పటినుంచీ నోరే విప్పలేదు. విప్పే సందు దొరికితేగా.

వారం సగం దాటేసరికి ప్రోగ్రాం తయారైంది. ఆ పొద్దున్నే ఎగువన గేట్లెత్తారని కబురొచ్చింది. నీళ్ళు సాయంత్రానికి గానీ రావని ప్రోగ్రాం చెప్పింది. ఈలోపు నది మధ్య ఇసుక మేట మీద కొలత కర్ర పాతి వస్తే, చెప్పింది నిజమో కాదో తేలిపోతుందని ఉమాకాంతం ఉబలాటపడ్డాడు.

"ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగాడు.

గది నిశ్శబ్దమైంది. ఆయనకి చెమట పట్టింది. వెనక వరసలో దానియేలు చెయ్యి సగం లేచింది.

"సార్, ఆ గంటలు..."

"గంటలు చాలవంటావు, అంతేగా? సాయంత్రందాకా బోలెడు టైముందయ్యా, భోజనం చేసి కునుకు కూడా తియ్యొచ్చు," అన్నాడు ఉమాకాంతం. అందరూ నవ్వారు. దానియేలు చెయ్యి దింపేశాడు.

పడవ సత్తెయ్య ఉమాకాంతాన్నీ, దానియేలునీ, కుముదినినీ మేట మీద దింపాడు. "నీళ్ళొదిలారంట కదండీ, పరవాలేదా?" అని అడిగాడు. "సాయంత్రం దాకా రావు, నువ్వు వెళ్ళి నీ పని చూసుకుని రా," అని ఉమాకాంతం పంపించేశాడు. చెప్పులు నీటి ఒడ్డున విడిచాడు. అక్కడే నీళ్ళలో కర్ర పాతారు. నీళ్ళకి జానెడు పైన, కర్ర మీద గీసిన ఎర్ర గీత కనబడుతోంది. ఇసుక వేడిగా, పొడిగా ఉంది.

కాసేపటికి చూస్తే ఒక చెప్పు లేదు. రెండోది నీళ్ళలో తేలుతోంది. ఉమాకాంతం కర్ర వైపు తిరిగాడు. ఎర్ర గీత కనబడలేదు.

వెంటనే సత్తెయ్యకి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. పడవ మోటారు మోతలో ఎక్కడ వినపడుతుంది? కేంద్రానికి చేస్తే, "రేవుకి పరిగెడుతున్నాం సార్, ఎలాగైనా పంపిస్తాం," అన్నారు.

ఇక ఆయన నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. "గాలికి అల వచ్చిందంతే. భయపడకండి. కర్ర కాస్త దిగబడి ఉంటుంది. ఎండ చూశారా ఎలా ఉందో..." అంటూనే ఉన్నాడు. నీళ్ళు ఎర్రగా మారాయి. చప్పుడు లేకుండా, తొందర లేకుండా, మేట అంచుల్ని తింటూ వచ్చేస్తున్నాయి. చివరికి ఆయన చెప్పడానికి మాటలే అయిపోయాయి.

"దానియేలూ," అన్నాడు అతనివైపు తిరిగి, "పొద్దున ఏం చెప్పబోయావు బాబూ?"

"సార్, ఆ గంటలు..."

ఉమాకాంతం నోరు తెరిచాడు. పెదవి పళ్ళతో నొక్కిపట్టి మళ్ళీ మూసేశాడు.

"ఆ గంటలు తప్పండి," అన్నాడు దానియేలు నెమ్మదిగా. "ఎగువ నుంచి వచ్చే లెక్క మన టైములోనే వస్తోంది. మన ప్రోగ్రాం అది గ్రీనిచ్ టైమనుకుని, మన టైములోకి మార్చాలని దానికి అయిదున్నర గంటలు కలిపేస్తోంది. సాయంత్రం వస్తాయనుకున్న నీళ్ళు ఇవేనండి."

"మరి గట్టిగా చెప్పలేకపోయావా నాయనా?"

"చెప్పబోయానండి. నా మాట మీరే పూర్తిచేశారు. అందరూ నవ్వారు. నేనే పొరబడ్డానేమో అనుకున్నాను."

ఆ మాట ఉమాకాంతానికి చెంప మీద కొట్టినట్టు తగిలింది. సిగ్గుపడడానికి కూడా వ్యవధి లేదు, నీళ్ళు పాదాలు తాకాయి. దగ్గరి గట్టు ఎదురుగా కనబడుతోంది. నడిచి వెళ్ళిపోదాం పదండి అని నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, "ఏం చేద్దాం? మీరు చెప్పండి," అన్నాడు.

అడిగి ఊరుకున్నాడు. ఎంత కష్టమైపోయిందో ఆ ఊరుకోవడం. నీళ్ళు చీలమండలు దాటాయి. కుముదిని చుట్టూ చూస్తోంది, ఏమీ అనడంలేదు. అరవాలనిపించింది ఆయనకి. గుడ్లనీరు కుక్కుకుంటూ ఆమె మొహం వైపే చూస్తూ నిలబడ్డాడు.

"రెల్లు దుబ్బులండి," అందామె చివరికి, మేట రెండో కొస చూపించి.

ఆయన ఇంకా ఆగాడు.

"అవి బాగా ముదురు దుబ్బులు. ఏటేటా వరద కోసుకుపోయే చోట అంత ముదరవండి. అక్కడ నేల ఎత్తుగా, గట్టిగా ఉంటుంది. గట్టు దగ్గరే ఉన్నట్టుంది గానీ, మధ్యలో ఎంత లోతుందో మనకి తెలీదు."

ముగ్గురూ చేతులు పట్టుకుని నడిచారు. దారిలో నీళ్ళు మోకాళ్ళు దాటి తొడలదాకా వచ్చాయి. కాళ్ళ కింద ఇసుక జారిపోతుంటే ఉమాకాంతం రెండుసార్లు తూలాడు, రెండుసార్లూ దానియేలు లాగి నిలబెట్టాడు. దుబ్బుల్లోకి చేరి రెల్లు గుప్పిట పట్టుకున్నారు. ఆకులు అరచేతులు కోశాయి. అక్కడా నీళ్ళొచ్చాయి, మడమలు ముంచాయి, పిక్కలదాకా లేచాయి. "నా వల్లే, నా నోటి వల్లే," అని ఉమాకాంతం ఏడ్చాడు. వాళ్ళిద్దరూ ఆయన చెయ్యి వదల్లేదు.

నీళ్ళు మోకాళ్ళకి వచ్చేసరికి పడవ మోటారు వినిపించింది. సత్తెయ్య ముగ్గుర్నీ పైకి లాగి, ఊపిరి పీల్చుకుని, గట్టు వైపు చూశాడు. "అటు నడిచుంటే దొరికేవారు కాదండి. అక్కడ పాయ రెండు నిలువుల లోతు," అన్నాడు. ఉమాకాంతం వెనక్కి తిరిగి చూశాడు. కర్ర లేదు, మేట లేదు. ఎర్రటి నీళ్ళ మీద రెల్లు కొసలు మాత్రం ఊగుతున్నాయి. ఈ తప్పు లెక్కే లంక రైతులకి పంపించి ఉంటే ఏమయ్యేదో తలుచుకుని ఆయన ఒళ్ళు జలదరించింది.

మర్నాడు దానియేలు ప్రోగ్రాం సరిచేసి చూపించాడు. ఉమాకాంతం లేచి, నిన్న జరిగింది అందరికీ దాచకుండా చెప్పాడు. తర్వాత, "ఎవరికైనా సందేహాలున్నాయా?" అని అడిగి కుర్చీలో కూర్చున్నాడు.

గది నిశ్శబ్దమైపోయింది. పాత భయం మళ్ళీ లేచింది, గుండె దడదడలాడింది. ఆయన కోసుకుపోయిన అరచేతులతో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని అలాగే కూర్చున్నాడు. ముందున్న టీ చల్లారిపోయింది. అప్పుడు వెనక వరసలో ఒక చెయ్యి లేచింది. దాన్ని చూసి ఇంకొకటి, ఆ పక్కన మరొకటి.

"నాది చిన్న సందేహమండి, అదేమిటంటే..." అని మొదటి మనిషి తడుముకున్నాడు. ఉమాకాంతం మాట అందించలేదు.

అందుకే చెబుతున్నానర్రా, మనిషిని పిలిచి కుర్చీ వేస్తే సరిపోదు. అతని మాట అతని నోటితోనే పూర్తయ్యేదాకా ఓపిక పట్టడమే అసలైన ఆదరణ.