లావుగా తరిగిన క్యారెట్

అందరూ లుషాన్ చేతి నూడుల్స్‌ని మెచ్చుకుంటున్నారని వెన్‌బోకి కడుపు మండిపోతోంది.

వాళ్ళ గురువు జియాన్ ఉండేది ఊరి చివర ఓ మామూలు ఇంట్లో. అది మఠం కాదు. మూడు గదులు, వెనక వంటిల్లు, ఇద్దరు శిష్యులు. వెన్‌బో వచ్చి చాలా ఏళ్ళయింది. లుషాన్ వచ్చింది మొన్నటి వానాకాలంలో. బౌద్ధ సన్యాసుల ఇల్లు కాబట్టి ఉల్లీ వెల్లుల్లీ గడప తొక్కవు. అల్లం, నువ్వుల నూనె, సోయా సాసు, పెరట్లో కాసిన కూరలు, అంతే. మధ్యాహ్నం పూట ఎవరొచ్చినా వాటితోనే నూడుల్స్ వేయించి పెట్టేవాళ్ళు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఒకరు కూరలు తరగాలి, ఇంకొకరు పొయ్యి దగ్గర నిలబడాలి. పొయ్యి దగ్గరున్నవాడే గిన్నెలు తీసుకెళ్ళి అతిథుల ముందు పెట్టాలి. తరిగినవాడు వంటింట్లోనే ఉండిపోతాడు. గురువు పొయ్యి లుషాన్‌కి అప్పగించాడు, కత్తి వెన్‌బో చేతికిచ్చాడు.

తిప్పలన్నీ తరిగేవాడివే. క్యారెట్, బీన్స్, క్యాబేజీ, క్యాప్సికం అన్నీ అగ్గిపుల్లల్లా సన్నగా, ఒక్క తీరుగా రావాలి. వెన్‌బో పొద్దుటినుంచీ మెడ వంచి తరిగేవాడు. ఆ తర్వాత లుషాన్ తీరిగ్గా వచ్చి, మూకుడు పొగలు కక్కేదాకా కాల్చి, నూనె పోసి, అల్లం, ఆ వెనకే కూరలు వేసి, నాలుగు తిప్పులు తిప్పి, ఉడికించి ఆరబెట్టిన నూడుల్స్ కలిపి, సాసు చల్లి దించేసేవాడు. ఇంతలోనే అయిపోయేది.

ముందుగదిలోంచి మాటలు వినబడేవి. "ఏం రుచి నాయనా! నీ చేతిలో ఏదో ఉంది" అనేవారు ఎవరో ఒకరు. ఇక్కడ వంటింట్లో వెన్‌బో క్యాబేజీ మొదలు చేత్తో పట్టుకుని పళ్ళు నూరేవాడు.

లుషాన్ పొగరుబోతు అయినా బాగుండేది, హాయిగా తిట్టుకోవచ్చు. వాడు పొగరుబోతు కాదు. గిన్నెలు పెట్టి రాగానే, "అన్నా, నువ్వూ రా, చల్లారిపోతాయి" అని పిలిచేవాడు. వెన్‌బోకి అది మరీ కంపరంగా ఉండేది.

ఒకనాడు ఉండబట్టలేక గురువు దగ్గరికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని చిరిగిన సంచీ కుట్టుకుంటున్నాడు.

"గురువుగారూ, నేను చేసే పని ఎవరికీ కనబడటం లేదు."

"ఎవరికి కనబడాలి?"

"తరిగేది నేను. పేరు మాత్రం వాడికొస్తోంది. నిన్నగాక మొన్న వచ్చినవాడు!"

"అయితే ఏం చేద్దాం?"

"నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టండి."

గురువు దారం కొరికి తెంపాడు. సూదిలోకి ఇంకో పోగు ఎక్కించుకున్నాడు. కుళ్ళుకుంటున్న మనిషికి ఎదుటివాళ్ళు ఊరుకున్నా అది పక్కవాణ్ణి పొగిడినట్టే ఉంటుంది. వెన్‌బో మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు.

కొద్దిరోజులకే కొండ మీది పెద్ద మఠం నుంచి ఒక వృద్ధ భిక్షువు భోజనానికి వస్తున్నట్టు కబురొచ్చింది. ఈ నూడుల్స్ సంగతి ఆయన చెవిదాకా వెళ్ళిందట. లుషాన్ చేతివంట తినాలని ఉందట. ఆ మాట వినగానే వెన్‌బోకి ఒళ్ళు తెలియలేదు.

ఆ రోజు అతను క్యారెట్లని వేలెడు లావున తరిగాడు. బీన్స్‌ని రెండేసి తుంపులు తుంచి వదిలేశాడు. వాటి పైన క్యాబేజీ మాత్రం ఎప్పటిలా దారాల్లా తరిగి, పళ్ళెమంతా కప్పేశాడు.

అతిథి వచ్చి ముందుగదిలో గురువు ఎదురుగా కూర్చున్నాడు. మూకుడు పొగలు కక్కుతోంది. లుషాన్ పళ్ళెం అందుకుని మూకుట్లోకి వంచాడు. ఒక్క క్షణం అతని చెయ్యి ఆగింది. మళ్ళీ గరిట ఆడింది.

లావు ముక్కలు అంత త్వరగా మగ్గుతాయా? వాటికోసం ఆగితే క్యాబేజీ మెత్తబడి నీరొదిలేసింది. ఆ నీళ్ళలో పడ్డ నూడుల్స్ ముద్దయిపోయాయి. సగం మూకుడికే అంటుకుపోయాయి. ముక్కలు మాత్రం పచ్చిగానే ఉన్నాయి. లుషాన్ ఆ ముద్దనే గిన్నెల్లోకి తీసి ముందుగదిలోకి పట్టుకెళ్ళాడు. వెన్‌బో తలుపు చాటున నిలబడ్డాడు.

వృద్ధ భిక్షువు ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. కరుక్కుమని చప్పుడయింది. ఆయన మర్యాదగా నమిలి మింగి, నీళ్ళు తాగాడు.

లుషాన్ తల వంచుకున్నాడు. "తప్పు నాదే. మంట సరిపోలేదు. గురువుగారూ, నాకింకా పొయ్యి పట్టుబడలేదు. రేపటినుంచి అన్నని నిలబెట్టండి" అని, మాడిన మూకుడు తోమడానికి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళుగా కోరుకున్నది దొరికింది. వెన్‌బోకి సంతోషం కలిగిందా అంటే, కలిగింది. అబద్ధమెందుకు?

"వెన్‌బో, ఇలా రా" అని గురువు పిలిచాడు.

వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. గురువు తినడానికి వాడే పుల్లలతో గిన్నెలోంచి క్యారెట్ ముక్కలు ఏరుతున్నాడు. ఏరిన ముక్కల్ని ఒక చిన్న పళ్ళెంలో వరసగా పేర్చాడు. ఆ ముద్దలోంచి వచ్చినా అవి ఇప్పుడే తరిగినట్టున్నాయి. పేర్చడం అయ్యాక పళ్ళేన్ని నెమ్మదిగా శిష్యుడి వైపు జరిపాడు.

"ఇవాళ నీ పని కనబడింది, నాయనా" అన్నాడు, అతనికొక్కడికే వినబడేలా.

ఆ గొంతులో కోపం ఉంటే వెన్‌బో తట్టుకునేవాడు. లేదు. గురువు ఒక ముక్క తీసుకుని కరకర నమిలాడు. తర్వాత ఇంకొకటి తీసుకున్నాడు. వెన్‌బో తల ఎత్తలేకపోయాడు. ఎలా లేచాడో తెలియదు, పెరట్లోకి వచ్చేశాడు.

లుషాన్ నూతి దగ్గర కూర్చుని మూకుడు గీకుతున్నాడు. మోచేతుల దాకా మసి. వెన్‌బో అతని ఎదురుగా చతికిలబడ్డాడు.

"తమ్ముడూ, మంట సరిగ్గానే ఉంది."

లుషాన్ గీకుతూనే ఉన్నాడు.

"ముక్కలు నేనే లావుగా తరిగాను. కావాలనే."

"తెలుసన్నా" అన్నాడు లుషాన్. "మూకుట్లో వేస్తున్నప్పుడే చూశాను."