చీమల్ని మోసం చేసిన ఎలుగుబంటి

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున ఒక చెరకు గానుగ. గానుగకీ అడవికీ మధ్య చిన్న వాగు. నవ్వుకునే కథ కాదు పిల్లలూ, ముందే చెబుతున్నాను. అయినా చివరిదాకా కూర్చుని వినండి.

ఆ అడవిలో బొంతమ్మ అనే ఎలుగుబంటి ఉండేది. దానికి గోగు అని ఏడాది నిండని కొడుకు. ఎలుగుబంట్లు పిల్లల్ని వీపు మీద మోస్తాయి, మీకు తెలుసా? గోగు కూడా అమ్మ వీపు మీద జూలు పట్టుకుని కూర్చుని అడవంతా తిరిగేవాడు. వాడికి అమ్మ తప్ప ఎవరూ లేరు.

ఒకప్పుడు బొంతమ్మ ఒళ్ళు వంచి తిండి సంపాదించుకునేది. చీమల పుట్టలు తవ్వేది. నేరేడు పళ్ళ కోసం కొండెక్కేది. మూడేళ్ళ కిందట గానుగ వచ్చింది. బెల్లం వండేవాళ్ళు పాకం మీద తేలిన తెట్టు తీసి వాగు ఒడ్డున పారబోసేవారు. పెనానికి అంటుకున్న బెల్లం గీకి అక్కడే విసిరేసేవారు. బొంతమ్మ ఒకరోజు రుచి చూసింది. అంతే! పుట్టలు మానేసింది, కొండ మానేసింది. సాయంత్రం పనివాళ్ళు ఇళ్ళకు పోగానే అక్కడికి వెళ్ళి కడుపు పట్టనంత తినేది. తిరిగొచ్చి గుహలో పడి గుర్రుపెట్టేది. గోగు పుట్టాక వాడికీ అదే పెట్టింది.

మొదట్లో బాగా ఒళ్ళు చేసింది. "ఎంత కళగా ఉన్నావే!" అని అందరూ మెచ్చుకున్నారు. తర్వాత దాహం పట్టుకుంది. వాగులో ఎన్ని నీళ్ళు తాగినా నాలుక పిడచకట్టుకుపోయేది. తాగిన కాసేపటికే ఒంటేలుకు పరిగెత్తేది. రెండడుగులు వేస్తే ఆయాసం. చివరికి ఎంత తింటున్నా చిక్కిపోవడం మొదలైంది.

ఒక పున్నమి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే గుహ ముందు గండుచీమలు బారులు తీరాయి. వాటి ముందు నల్లవ్వ నిలబడి ఉంది. నల్లవ్వ చీమలన్నిటికీ పెద్ద. మొహమాటం తెలియని మనిషి... మనిషేమిటి, చీమ.

"బొంతమ్మా, నువ్వు ఒంటేలు పోసిన చోటల్లా మావాళ్ళు మూగుతున్నారు. అది తియ్యగా ఉంది. నీకు తీపిజబ్బు వచ్చింది" అంది నల్లవ్వ.

పిల్లలూ, మన ఊళ్ళో షుగర్ అనీ మధుమేహం అనీ అంటామే, అడవిలో దాన్నే తీపిజబ్బు అంటారు.

బొంతమ్మ పకపకా నవ్వింది. "తియ్యగా ఉంటే మంచిదేగా! మీకూ ఇంత విందు దొరికింది."

"నవ్వకు. ఈ జబ్బు లోపల్లోపల తినేస్తుంది. మొదట కాళ్ళు మొద్దుబారతాయి. కళ్ళు మసకబారతాయి. పుండు పడితే మానదు. ఇప్పుడే తెలిసింది కాబట్టి అదుపులో పెట్టుకోవచ్చు. గానుగ మానెయ్. పొద్దున్నే కొండెక్కు. మా పుట్టలు తవ్వుకు తిను."

"మీ పుట్టలా?" బొంతమ్మ నవ్వు ఆగింది.

"మా పుట్టలే. నా బిడ్డల్ని తినమని నా నోటితో నేనే చెబుతున్నాను. అబద్ధం చెప్పేదాన్నయితే ఇలా చెబుతానా? ప్రతి పున్నమి మర్నాడూ వచ్చి చూస్తాం. మేం మూగకపోతే నీకు తగ్గినట్టు."

బొంతమ్మకి భయం వేసింది. ఆ రోజు నిజంగానే గానుగకి వెళ్ళలేదు. మర్నాడు సాయంత్రం బెల్లం వండిన వాసన వాగు దాటి వచ్చింది. "కొంచెమే" అనుకుంటూ వెళ్ళింది. ఆ కొంచెం ఎంతో చెప్పక్కర్లేదు, మీరూ అలాగే అంటారు కదా.

రెండో పున్నమి దగ్గరపడింది. చీమలకి దొరికిపోతానని బొంతమ్మకి దిగులు పట్టుకుంది. చెట్టు మీద గంగులు అనే కొండముచ్చు ఉండేది. తెలిసినా తెలియకపోయినా సలహా ఇవ్వకుండా ఉండలేకపోయేది. దాన్ని పిలిచి ఏం చెయ్యాలని అడిగింది.

"ఓస్, ఇంతేనా! మూడు రోజులు నోరు కట్టుకో. గుప్పెడు వేపాకు నములు. చీమలు దగ్గరికి కూడా రావు. పున్నమి గడిచాక నీ ఇష్టం" అంది గంగులు.

బొంతమ్మ అలాగే చేసింది. మూడు రోజులు బెల్లం ముట్టలేదు. పొద్దున్నే కొండెక్కింది. ఆకులూ కాయలూ తింది. మూడో రోజు వాలులో కాస్త పరుగు కూడా తీసింది. గోగు వీపు మీద ఎగిరెగిరి పడుతూ కేరింతలు కొట్టాడు.

"అమ్మా, నువ్వు పరిగెడుతున్నావు!"

"అవును కదరా!" అంది బొంతమ్మ. దానికే ఆశ్చర్యంగా ఉంది.

ఆ మూడు రోజుల్లాగే ఆ తర్వాతా సాగిస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. నేనూ హాయిగా ఊపిరి పీల్చుకునేదాన్ని. అలా జరగలేదు.

మర్నాడు చీమలు వచ్చాయి. నాలుగైదు మాత్రం ఆగి వాసన చూశాయి. మిగతావి ముందుకు సాగిపోయాయి.

"చూశావా నల్లవ్వా? తగ్గిపోయింది!" అంది బొంతమ్మ గొప్పగా.

నల్లవ్వ దాని మొహంలోకి చూసింది. "తగ్గితే సంతోషం. నువ్వు ఈ నెలంతా ఇలాగే ఉన్నావా? మూడు రోజులే ఉన్నావా?"

"నెలంతా!" అంది బొంతమ్మ. పక్కనే ఉన్న గోగు అమ్మ వైపు వింతగా చూశాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ గానుగ దగ్గర ఉన్నారు. మూడు రోజుల కరువు తీరేలా తిన్నారు.

మూడో పున్నమి నాటికి బొంతమ్మకి మూడు రోజులు నోరు కట్టుకునే ఓపిక కూడా లేదు. అందుకని ఇంకో తెలివైన పని చేసింది. అది తెలివి అనుకుంది, పాపం. ముందు రోజు నుంచీ వాగులో దిగి నడుంలోతు నీళ్ళలో ఒంటేలు పోసింది. నీళ్ళలోకి చీమలు రాలేవు కదా.

పొద్దున నల్లవ్వ తన బారుతో గుహ చుట్టూ వెతికింది. ఎక్కడా తడి కనబడలేదు. "ఏం బొంతమ్మా, ఎక్కడా ఏమీ లేదే?"

"జబ్బు ఉంటే కదా ఉండటానికి!"

"నీ చూపు మసకగా ఉంది. నేనెక్కడున్నానో కూడా నీకు కనబడటం లేదు. నువ్వు మాట్లాడుతున్నది ఆ గులకరాయితో."

బొంతమ్మకి తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో కోపం వచ్చింది. "మీకు వేరే పనేం లేదా? నా ఒంటి సంగతి నాకు తెలీదా? పొండి!" అని కాలితో మట్టి చిమ్మింది. ఎన్నో చీమలు ఆ మట్టి కింద పడిపోయాయి. నల్లవ్వ మిగిలినవాటిని తీసుకుని వెళ్ళిపోయింది.

అదే సాయంత్రం బొంతమ్మ గోగుని వీపున వేసుకుని గానుగకి వెళ్ళింది. పనివాళ్ళు పొయ్యిలోంచి లాగిన బూడిదని ఒడ్డున కుప్ప పోసి ఉన్నారు. పైన తెల్లటి బూడిద. లోపల కణకణలాడే నిప్పులు. బొంతమ్మ మసక కళ్ళకి అది ఇసకలా కనిపించింది. సరిగ్గా దాని మీదే నిలబడి బెల్లం తినసాగింది.

కాసేపటికి గోగు ముక్కు ఎగబీల్చాడు. "అమ్మా, ఏదో కాలుతోంది."

"పొయ్యి వాసనలేరా."

"కాదమ్మా. వెంట్రుకల వాసన."

"బెల్లం మాడిందేమో. తిను."

వాడు వంగి కిందికి చూశాడు. కెవ్వుమన్నాడు. "అమ్మా! నీ కాళ్ళమ్మా! నీ కాళ్ళే కాలుతున్నాయి!"

అప్పటికి వెనక కాళ్ళు రెండూ మడమల దాకా కాలిపోయాయి. బొంతమ్మకి చీమ కుట్టినంత నొప్పి కూడా తెలియలేదు. నొప్పి తెలియనందుకే ఆ తల్లి హడలిపోయింది.

ఎలాగో ఈడ్చుకుంటూ వాగు దాటి వచ్చింది. గోగు నడిచే వచ్చాడు. అమ్మ వీపు దిగి అంత దూరం నడవడం వాడికి అదే మొదలు.

పుండ్లు మానలేదు. వారం తిరిగేసరికి చీము పట్టాయి. వేళ్ళు నల్లబడ్డాయి. ఈగలు ముసిరాయి. గంగులు చెట్టు మీంచి ఒకసారి చూసి, ముక్కు మూసుకుని వేరే కొమ్మకి వెళ్ళిపోయింది. నల్లవ్వ మాత్రం వచ్చింది. పుండు దాకా వెళ్ళి చూసి తల దించుకుంది.

"చీము ఒళ్ళంతా పాకింది. ఇప్పుడు నేనేం చెప్పినా ఆలస్యమే తల్లీ."

బొంతమ్మ భోరున ఏడ్చింది. "మిమ్మల్ని మోసం చేశాననుకున్నాను నల్లవ్వా. రెండు నెలలు గెలిచాననుకున్నాను. వాడినేం చెయ్యను? వాడికి పుట్ట తవ్వడం రాదు. కొండెక్కడం రాదు. నేనేమీ నేర్పలేదు."

ఆ తర్వాత రెండు రోజులు పడుకున్నచోటు నుంచే నేర్పాలని చూసింది. "గోళ్ళు లోపలికి దించి లాగరా. మూతి ఆనించి గట్టిగా ఊది, తర్వాత పీల్చు" అని నోటితో చెప్పింది. గోగు ప్రయత్నించాడు. చీమలు ముక్కు మీద కుట్టాయి. ఏడుస్తూ అమ్మ దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. బొంతమ్మకి వాడి ఏడుపు వినిపిస్తోంది, మొహం కనిపించడం లేదు. చేత్తో తడిమి దగ్గరికి తీసుకుంది.

మూడో రోజు పొద్దున గోగు ఎంత లేపినా అమ్మ లేవలేదు.

వాడు ఆ రోజంతా అక్కడే కూర్చున్నాడు. అమ్మ జూలు పట్టుకుని ఊపాడు. వీపు ఎక్కి కూర్చుని, ఎటూ కదలకపోతే దిగాడు. సాయంత్రానికి ఆకలి వేసింది. పుట్ట దగ్గరికి వెళ్ళి ఒక గోరు దించి, భయపడి వెనక్కి తీసుకున్నాడు. అంతలో గాలి తిరిగి, వాగు అవతలి నుంచి బెల్లం వాసన వచ్చింది. వాడు తల ఎత్తాడు.

ఇది చెప్పడం నాకూ ఇష్టం లేదు పిల్లలూ. గోగు లేచి గానుగ వైపు నడిచాడు. వాడికి తెలిసిన తిండి అదొక్కటే.

"వద్దు బాబూ! ఆగు! వెనక్కి రా!" అని నల్లవ్వ గొంతు చించుకుని అరిచింది. చీమ అరుపు ఎంత దూరం వినిపిస్తుంది? గోగు వాగులో దిగాడు.

నీతి: జబ్బుని పరీక్ష చేసేవాళ్ళ దగ్గర దాచగలమేమో గానీ మన ఒంటి దగ్గర దాచలేం, తీపిజబ్బుని ముందే కనిపెట్టి, తిండి అదుపులో పెట్టి, రోజూ ఒళ్ళు వంచి తిరిగిన పెద్దలే తమతో పాటు తమ పిల్లల్నీ కాపాడుకుంటారు.