నూకాలు కన్ను, పైడి కళ్ళు

అనగనగా, ఇంకా అమ్మవారి జబ్బు, అదే మశూచి, ఊళ్ళ మీద తిరిగే రోజుల్లో, సముద్రం ఒడ్డున ఒక చేపల ఊరు. అక్కడ నూకాలు అని ఒక అమ్మ ఉండేది. చిన్నప్పుడే ఆమెకి అమ్మవారు పోసి తగ్గింది. మొహం నిండా మచ్చలు, చూపు ఒక్క కంటికే. మనిషి మటుకు మహా గట్టిది.

ఆమెకి పైడి అని ఒక్కతే కూతురు. చక్రాల్లాంటి కళ్ళు, అచ్చం నీకు లాగే.

ఒక ఏడు ఊళ్ళోకి మళ్ళీ జబ్బు వచ్చింది. అప్పుడు టీకాలాయన పెట్టె పట్టుకుని దిగాడు. ఇంకేముంది, టపటపా తలుపులు మూసుకున్నారు! ఆ ఊళ్ళో వేరే అలవాటుంది మరి. జబ్బు తేలిగ్గా వచ్చిన ఇంట్లో తమ పిల్లల్ని తీసుకెళ్ళి చాప మీద కూర్చోబెట్టేవాళ్ళు, ఒకసారి వచ్చిపోతే ఇంక రాదని.

నూకాలు అత్త సన్యాసమ్మ కూడా పైడి చెయ్యి పట్టుకుని బయల్దేరింది.

"నీకొచ్చి పోనేదేటే? మళ్ళీ వచ్చిందా? పిల్లకీ వచ్చి పోతే గట్టిగుంటాది."

నూకాలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నిజమే అత్తా. మా పుట్టింట్లో ముగ్గురికి వచ్చింది. అన్న పోయాడు, చెల్లి పోయింది, నా కన్ను పోయింది. బతికాను కాబట్టి వచ్చిపోయిందని నాను చెప్తన్నాను. ఆలిద్దరూ ఏటి చెప్తారు?"

సన్యాసమ్మ పిల్ల చెయ్యి వదిలేసింది.

అప్పుడు నూకాలు పైడికి టీకా వేయించింది. జ్వరం వచ్చింది, చెయ్యి వాచింది, చిన్న మచ్చ పడింది. "చూశావేటే!" అని అత్త దెప్పింది.

ఆ తర్వాత జబ్బు ఎదురింటికి వచ్చింది. ఆ తర్వాత పక్కింటికి వచ్చింది. ఇక మూడోది వీళ్ళ గుమ్మమే! సన్యాసమ్మ రోజూ మనవరాలి ఒళ్ళు తడిమి చూసేది. ఒక్క పొక్కు లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు!

నూకాలేమో ఆ ఇళ్ళకి వెళ్ళి జబ్బువాళ్ళకి సేవ చేసింది. ఆమెకి మళ్ళీ రాలేదు. అత్త అన్నదాంట్లో అంత మటుకు నిజముంది. కానీ ఆ నిజానికి కన్ను ఇచ్చుకోవాల్సి వచ్చిందే, అదీ సంగతి.

టీకాలాయన మళ్ళీ వస్తే వీధి పిల్లలందర్నీ తోలుకొచ్చింది ఎవరనుకున్నావ్? సన్యాసమ్మే! ముందు తన చెయ్యే చాపింది.

ఆ ఏడు జాతరలో పైడి తల మీద అమ్మవారి ఘటం పెట్టుకుని డప్పుల ముందు నడిచింది. ఊరంతా అమ్మవారిని చూస్తోంది. నూకాలు తన ఒక్క కంటితో కూతురి రెండు కళ్ళూ చూసుకుంది.

కథేమో కంచికి చేరింది,
పైడేమో ఇంటికి చేరింది,
నిద్రేమో నా బంగారం కంటికి చేరింది.