కళాయి పోయిన గిన్నె

మా గురువుగారు విరూపాక్షస్వామితో ఇదే తంటా. ఏది అడిగినా జవాబు చెప్పరు, ఏదో ఒక పని చెబుతారు. కోనప్ప అడిగినప్పుడూ అంతే చేశారు.

కోనప్ప మఠానికి రాకముందు ఆహార తనిఖీ అధికారి. జిల్లా మొత్తానికీ అతనొక్కడే, తిరగడానికి జీపు కూడా ఇవ్వలేదు. ఒక ఆడపిల్లల హాస్టల్లో కందిపప్పు చూసి అనుమానం వచ్చి, నమూనా తీసి పరీక్షకు పంపాడు. వంట ఆపమంటే, పై అధికారులు నివేదిక రాకుండా ఆపే అధికారం నీకెక్కడిదన్నారు. ఆ నివేదిక రాసే ఉద్యోగమేమో ఖాళీగా ఉంది, భర్తీకి నిధులు లేవట. కాళ్లు చచ్చుబడేలా చేసే కేసరిపప్పు కల్తీ అని తేలేసరికి పిల్లలు నెలల తరబడి అదే పప్పు తిన్నారు. మల్లేశ్వరి అనే పిల్లకు కాళ్లు పడిపోయాయి. విచారణకు వచ్చినవాళ్లు ఖాళీ ఉద్యోగం ఊసెత్తలేదు. ఆలస్యానికి సంజాయిషీ మాత్రం కోనప్పనే అడిగారు.

"స్వామీ, ఆ పిల్ల కాళ్ల పాపం నాదేనా?" అని అడిగాడు. అడుగుతూ ఏడ్చాడు.

"రేపటి నుంచి పంక్తి వేసేముందు వంట నువ్వు చూడు," అన్నారు గురువుగారు. నాకు ఒళ్లు మండింది. ఏడుస్తున్నవాడికి చెప్పే మాటా అది?

పౌర్ణమినాడు జనం బాగా వచ్చారు. వంట చేసే ఓబులమ్మ పెద్ద ఇత్తడి గిన్నెలో పులిహోర కలిపి ఉంచింది. కోనప్ప గరిటెతో అన్నం పక్కకు జరిపి అడుగు చూశాడు. లోపల పూసిన తగరపు కళాయి ఎప్పుడో పోయింది, చింతపండు పులుసు తగిలి పచ్చగా చిలుమెక్కింది. "ఇది విషం కదమ్మా," అన్నాడు.

"నాకు తెలీదా నాయనా? ఉగాదికే కమిటీకి చెప్పా. గురువుగారూ చెప్పారు. ఈ ఏడు ముఖద్వారానికి రంగులెయ్యాల, కళాయి సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు." మఠం పేరుకు గురువుగారిదే గానీ, ఖర్చంతా కమిటీ చేతిలో ఉంటుంది.

కోనప్ప పెరట్లో గొయ్యి తీసి గిన్నెడు పులిహోరా పూడ్చేశాడు. ఆకుల ముందు కూర్చున్నవాళ్లు వట్టి మజ్జిగ తాగి, అతన్ని తిట్టుకుంటూ లేచిపోయారు. కమిటీ పెద్ద చలమారెడ్డి ఊగిపోతూ వచ్చాడు.

"ఏమయ్యా, ఇన్నేళ్లుగా ఈ గిన్నెలోనే వండుతున్నాం. ఎవరికన్నా ఏమన్నా అయిందా? పోనీ ఇవాళ అయిందా? ఒక్కణ్ణి చూపించు."

కోనప్ప ఎవర్ని చూపిస్తాడు? తిననివాళ్లకు ఏమవుతుంది? ఇక వంటింటి గడప తొక్కొద్దని చెప్పి చలమారెడ్డి వెళ్లిపోయాడు.

సాయంత్రం గురువుగారు అరుగుమీద కూర్చున్నారు. ఓబులమ్మ ఆ గిన్నెనే బూడిదతో తోమి ఆరడానికి బోర్లించింది. బయటివైపు చూస్తే కొత్తదానిలా మెరుస్తోంది. కోనప్ప దాన్నే చూస్తూ, "రేపూ అందులోనే వండుతారు. చూసేవాళ్లెవరు స్వామీ?" అన్నాడు.

"ఎవరూ ఉండరు," అన్నారు గురువుగారు. అతని భుజం మీద చెయ్యి వేసి అన్నారు.

"ఎవరికైనా ఏమైనా అయితే మాత్రం నిన్నే పిలుస్తారు. దూరం పోకు నాయనా."