ముందు ఫోటో, తర్వాత ఫోటో

తన చేతిమీదుగా ఒక్క తప్పుడు కాగితమూ పోలేదని ఓబులేసుకు గొప్ప. మునిసిపాలిటీలో ఇంటిపన్ను చూసే ఉద్యోగి అతను. ఆ వారం ఆ గొప్పలోనే ఎక్కడో చిన్న ముల్లు విరిగింది. గురువారం సాయంత్రం దాన్ని మోసుకుని మస్తానమ్మ దగ్గరికి వచ్చాడు.

మస్తానమ్మ దర్గా వెనక రేకుల ఇంట్లో ఉండే సూఫీ గురువు. ఎవరు ఏ బాధ తెచ్చినా ముందు టీ ఇస్తుంది.

"కరువు ఊరు కదమ్మా," అన్నాడు ఓబులేసు గ్లాసు అందుకుంటూ. "నీళ్లు తాగే పచ్చిక తీసేసి, ఎండకు తట్టుకునే మొక్కలు పెట్టుకుంటే ఇంటిపన్ను సగం తగ్గిస్తామని మా ఆఫీసులో రూలు పెట్టినారు. మా వీధి కాంట్రాక్టరు పచ్చికంతా పెరికించి, గులకరాళ్లు పోయించి, కలబంద నాటించినాడు. ముందు ఫోటో, తర్వాత ఫోటో జత చేసినాడు. రాయితీ ఇచ్చేసినాము."

"మంచిది."

"ఆయన పక్కింటి ఆదెమ్మ కూడా అర్జీ పెట్టింది. ముందుగదిలో మిషను వేసుకుని జాకెట్లు కుడుతుంది. పన్ను తగ్గకపోతే ఆ గది బాడుగకిచ్చుకోవాలంట. ఇచ్చేస్తే ఇంక కుట్టేదెక్కడ?"

"నీళ్లు వృథా చేస్తుందా?"

"చుక్క వృథా చేయదు. బియ్యం కడిగినవీ గిన్నెలు కడిగినవీ మునగచెట్టుకే పోస్తుంది. అదేనమ్మా చిక్కు! ఒకటే ఫోటో తెచ్చింది. రెండోదేదంటే, 'ముందెట్లుందో ఇప్పుడూ అట్లే ఉంది సార్' అంటుంది. రూల్లో 'మార్పు' అని ఉంది. రేపు అర్జీ కొట్టేయాల."

"టీ తాగినావు కదా. గ్లాసు కడిగి పెట్టు," అంది మస్తానమ్మ.

ఓబులేసుకు అది కొత్త. ఇన్నేళ్లూ తాగిన గ్లాసు చాప పక్కన పెట్టి వెళ్లేవాడు. మళ్లీ గురువారానికి అది తనంతట తనే శుభ్రమై ఉండేది.

నీళ్ల డ్రమ్ము దగ్గర, ఆ సాయంత్రం వచ్చిన మిగతావాళ్ల గ్లాసులు కడుగుతున్న ఖాదర్‌బీ జరిగి చోటిచ్చింది. అతను చెంబులకు చెంబులు గుమ్మరించి ఆ ఒక్క గ్లాసూ తళతళలాడించాడు.

"చూడండయ్యా, మన ఓబులేసు గ్లాసు కడిగినాడు!" అంది మస్తానమ్మ గట్టిగా.

అందరూ భేష్ అన్నారు. ఒకాయన లేచొచ్చి భుజం తట్టాడు. ఫాతెహా చదివి అందరికీ పంచే తీపి మలీదా పళ్లేన్ని మస్తానమ్మ అట్లాగే అతని చేతుల్లో పెట్టింది. ఓబులేసు సిగ్గుపడుతూనే తిన్నాడు. బాగుంది. నెయ్యి కూడా దండిగా వేశారు.

సగం తిన్నాక తలెత్తాడు. ఖాదర్‌బీ చివరి గ్లాసు బోర్లించి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

"ఖాదర్‌బీకి పెట్టలేదేమమ్మా?"

"ఆమెకెందుకు?" అంది మస్తానమ్మ. "ముందూ కడిగేది, ఇప్పుడూ కడుగుతాంది."

ఓబులేసు పళ్లెం ఖాదర్‌బీ ముందుకు జరిపాడు.

ఆమె పళ్లెం వంక చూసింది, అతని వంక చూసింది. "సగం తిని ఇస్తివా అన్నా? పళ్లెం కూడా నేనే కడగాల్నా?"

అందరూ నవ్వారు. ఓబులేసు నవ్వలేదు. లేచి వెళ్లి పళ్లెం కడిగాడు, ఈసారి నీళ్లు చూసి పోసుకున్నాడు. కడిగిన నీళ్లు ఎక్కడ పొయ్యాలో తెలియక నిలబడితే, ఖాదర్‌బీ గడ్డంతో గోరింట చెట్టు వైపు చూపించింది.

చీకటి పడకముందే అతని స్కూటరు ఆదెమ్మ ఇంటి ముందు ఆగింది. లోపల మిషను చప్పుడు ఆగిపోయింది. ఆదెమ్మ గుమ్మంలోకి వచ్చింది, మెడలో టేపు అట్లాగే ఉంది.

"కొట్టేసినారా సార్?"

"లేదమ్మా. ఆ ఫోటో ఇంకో కాపీ ఉందా?"

"అదే ఫోటోనా?"

"అదే."