శుక్రవారం మాల

కోమలమ్మ గారికి ఒక అలవాటుండేది. ఎవరేం అడిగినా చేతిలో పని ముగిసేదాకా జవాబు చెప్పేవారు కాదు. పైగా అడిగినవాళ్ళకి కూడా ఏదో ఒక పని అప్పజెప్పేవారు. ఆ పనిలో పడి సగం మంది అడగవచ్చిందేమిటో మరిచిపోయి, ఇంత ప్రసాదం కళ్ళకద్దుకుని తిని ఇంటికెళ్ళిపోయేవారు. మరిచిపోనివాళ్ళకే ఆవిడ దగ్గర సమాధానం దొరికేది.

ఆడపిల్లల కాలేజీలో ఏళ్ళ తరబడి కామర్సు పాఠాలు చెప్పి రిటైరయ్యాక, కడియం దగ్గర ఒక చిన్న వేణుగోపాలస్వామి గుడిలో పూల కైంకర్యం ఆవిడ తన మీద వేసుకున్నారు. గుడి వెనక వసారాలో చాప పరుచుకుని కూర్చుంటే, ఆ వీధి ఆడపిల్లలు వచ్చి పక్కన చేరి మాల కట్టడం నేర్చుకునేవారు. వాళ్ళందరిలోకీ చెయ్యి తిరిగిన పిల్ల ధాత్రి, పూలమొక్కల నర్సరీ అబ్బులు గారి ఒక్కగానొక్క కూతురు.

ఆ వసారా గోడకి వరసగా చిలక్కొయ్యలు ఉండేవి. ఒక్కో కొయ్యకీ కొలత కోసం ఒక్కో అరటినార. ఒకటి గర్భగుడిలో నిలువెత్తు స్వామిది, ఒకటి ఊయలలో కూర్చునే అమ్మవారిది, ఒకటి గడప దగ్గరి ఆంజనేయుడిది. ఎవరి భుజాల మీంచి మాల ఎంతవరకు దిగితే అందమో, ఆ నార అంత పొడుగు. ఇవాళ్టి మాల ఎవరికో అడిగి తెలుసుకోవాలి, ఆ నార తీసి ఒళ్ళో వేసుకోవాలి, ఆ తర్వాతే పువ్వు ముట్టుకోవాలి. అక్కడ నేర్పే మొదటి పాఠం అదే.

ఆ శుక్రవారం పొద్దున ధాత్రి పూలబుట్ట తెచ్చి దించేసరికి ఆ పిల్ల కళ్ళు ఉబ్బి ఉన్నాయి. కూర్చుంటూనే అడిగేసింది.

"అమ్మగారూ, బిజినెస్ డిగ్రీల్లో ఏది మంచిది?"

ఇంటరు అయిపోయింది. కాలేజీ ఆప్షన్లు పెట్టడానికి ఆ రోజే ఆఖరు. ఏ కోర్సు పేరు ముందు పెడితే మూడేళ్ళూ అదే చదవాల్సి రావచ్చు. తండ్రి బీబీఏ అంటున్నాడు, అది చదివితే అమ్మాయిని అందరూ మేనేజరు గారూ అని పిలుస్తారని ఆయన ఆశ. మేనత్త ఫోను చేసినప్పుడల్లా, బీకాం చేయించి మా వాడిలాగే సీఏకి కూర్చోబెట్టండి అంటోంది. స్నేహితురాళ్ళంతా బిజినెస్ అనలిటిక్స్ పెట్టేశారు, ఇప్పుడంతా దానిదే గిరాకీ అట. వారం రోజులుగా ఆ ఇంట్లో అన్నం దగ్గర కూడా ఇవే మాటలు. ఎవరికి తలూపినా ఇంకొకరి మొహం చిన్నబోతోంది.

"మీరేది చెబితే అదేనన్నారండీ నాన్న. మీ మాటకి మా ఇంట్లో తిరుగులేదు. ఒక్క పేరు చెప్పండి అమ్మగారూ, వెళ్ళి పెట్టేస్తాను" అంది ధాత్రి. అడగడం కాదది, దాదాపు బతిమాలుకోవడం.

కోమలమ్మ గారు తులసి దళాలు గిల్లుతూ తల ఎత్తలేదు. "ముందు మాల కట్టు. తర్వాత మాట్లాడుకుందాం."

"ఎలా కట్టమంటారు?"

"నీకెంత బాగా వస్తే అంత బాగా."

ధాత్రి ఆ మాట పట్టుకుంది. మాల బాగా కుదిరితే అమ్మగారి నోట మంచి మాట వస్తుందని మనసులోనే స్వామికి మొక్కుకుంది. తండ్రి తోటలో తెల్లారి కోసిన గులాబీలు, పసుపు చామంతులు, నడుమ నడుమ మరువం. చేతులు వాటంతటవి కడుతున్నాయి, బుర్ర మాత్రం బీబీఏ, బీకాం అంటూ తిరుగుతోంది. చిలక్కొయ్యల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కోమలమ్మ గారు చూశారు. చూసి, మళ్ళీ తులసి గిల్లుకున్నారు. బుట్ట దాదాపు ఖాళీ అయ్యేసరికి మోచెయ్యంత లావున, కింద కుచ్చుతో సహా, పెళ్ళికొడుకు వేసుకునేటంత మాల తయారయింది.

రెండు చేతుల మీదా పెట్టుకుని గుడిలోకి తీసుకువెళ్ళింది. అర్చకులు అప్పలాచార్యులు గారు అప్పుడే ఊయల తుడిచి, అమ్మవారి పంచలోహ విగ్రహాన్ని అందులో కూర్చోబెడుతున్నారు. జానెడు విగ్రహం. అప్పుడు గుర్తొచ్చింది ధాత్రికి, ఇవాళ శుక్రవారమని, శుక్రవారం మాల స్వామికి కాదు, ఊయల సేవకి అమ్మవారికని. ఆ మాట నోటిదాకా వచ్చేలోపే ఆచార్యులు గారు మాల అందుకుని వేసేశారు.

అమ్మవారు కనిపించలేదు. చుట్టూ గులాబీలు, చామంతులు. పైన కిరీటం కొస మాత్రం తొంగి చూస్తోంది. ఆచార్యులు గారు మాలని అటు సర్దారు, ఇటు సర్దారు. సర్దేకొద్దీ ఆ బరువుకి ఊయల ఒక పక్కకి ఒరుగుతోంది.

"ఏమ్మా ధాత్రీ," అన్నారాయన చివరికి, "అమ్మవారికి మాల వేశామా, మాలకి అమ్మవారిని వేశామా?"

దర్శనానికి వచ్చిన ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ధాత్రికి నవ్వు రాలేదు. "తీసి స్వామికి వేసెయ్యండి ఆచార్యులు గారూ, ఆయనకి సరిగ్గా సరిపోతుంది" అంది.

"అమ్మవారిని తాకింది కదా తల్లీ, ఇక నిర్మాల్యమే. ఇంకొకరికి వెయ్యకూడదు." ఆయన మాల మెల్లగా తీసి ప్రసాదంలా ఆ పిల్ల చేతుల్లోనే పెట్టారు.

వసారాలోకి వచ్చి ధాత్రి గోడకి ఆనుకుని నిలబడింది. "ఎవరికో మీరు చెప్పలేదు కదా అమ్మగారూ!"

"నువ్వు అడగలేదు కదమ్మా" అన్నారు కోమలమ్మ గారు. ఆ మాటలో దెప్పు లేదు. దగ్గరికి వచ్చి, మాలని ఒకసారి వేళ్ళతో నిమిరారు. "ఏ లోపమూ లేదు దీనికి. ఇంత మంచి మాల నేనే ఏనాడూ కట్టలేదు."

అది విన్నాక ధాత్రికి కన్నీళ్ళు ఆగలేదు. కాసేపు ఏడవనిచ్చారు. తర్వాత ఆ పిల్లే కళ్ళు తుడుచుకుని, రెండో కొయ్యకున్న పొట్టి నార తీసి ఒళ్ళో వేసుకుంది. బుట్ట అడుగున గుప్పెడు మల్లెమొగ్గలు, కాసిని తులసి మిగిలాయి. నారని చూసుకుంటూ, పువ్వు పువ్వుకీ ఆగుతూ కట్టింది. ఈసారి ఆచార్యులు గారు వేసి పక్కకి జరిగేసరికి, మల్లెల మధ్య అమ్మవారి చిన్న మొహం, ఆ పెదవుల మీది నవ్వూ స్పష్టంగా కనిపించాయి. ఊయల నిదానంగా ఊగింది.

హారతి అయ్యాక ఇద్దరూ వసారా మెట్ల మీద కూర్చున్నారు. "ఇప్పుడడుగు" అన్నారు కోమలమ్మ గారు.

అడుగుదామని నోరు తెరిచిన ధాత్రికి పొద్దుటి ప్రశ్న రాలేదు. వేరే మాట ఎత్తుకుంది.

"మొన్న ఎండల్లో మా గులాబీ మొక్కలు లారీ నిండా వేసి పంపారండీ, ఉత్తరాదికి. దారిలో ఎక్కడో ఆగిపోయిందట. దిగేసరికి అన్నీ మాడిపోయి ఉన్నాయి, వాళ్ళు ఫొటోలు పంపారు. నాన్న పోనీలే అనేసి ఊరుకున్నారు. నాకైతే ముద్ద దిగలేదు. ఏ దారిన వెళ్ళుంటే బతికేవి, ఏవి పైన పెట్టుండాల్సింది, ఎక్కడ ఆపి నీళ్ళు కొట్టుండాల్సింది అని అదే ఆలోచన. ఇప్పటికీ లారీ గేటు దాటుతుంటే చూస్తూ నిలబడిపోతాను." ఆగి, గొంతు తగ్గించింది. "బీబీఏలోనే లాజిస్టిక్స్ అని ఒకటుందండీ, సరుకు పాడవకుండా చేర్చే చదువు. ఒకసారి అన్నాను ఇంట్లో. లారీ ఎక్కించడానికి మూడేళ్ళ చదువేంటే, మన తోటలో వారం ఉండు, నేనే నేర్పేస్తాను అని నాన్న ఒకటే నవ్వు. ఇంక ఆ పేరెత్తలేదు."

కోమలమ్మ గారు వింటున్నారు.

"నాన్న చెప్పింది ఆయన నన్ను అందరిచేతా పిలిపించాలనుకున్న పేరండీ. అత్తయ్య చెప్పింది వాళ్ళబ్బాయికి కుదిరిన చదువు." ధాత్రి ఒళ్ళోని పెద్ద మాల వైపు చూసుకుంది. "అవీ మంచివే."

"నాన్నగారితో నన్ను మాట్లాడమంటావా?"

ధాత్రి ఆలోచించింది. పొద్దున అయితే వెంటనే సరే అనేసేది.

"వద్దండీ. నవ్వితే నవ్వనివ్వండి. ఆ ఫొటోలు ముందు పెట్టి నేనే చెప్పుకుంటాను" అని లేచి, చెప్పులేసుకుని, గబగబా వాకిలి దాకా వెళ్ళింది.

"ధాత్రీ!" వెనక నుంచి కోమలమ్మ గారు పిలిచారు.

ఒక్క పేరు చెబుతారేమోనని ఆ పిల్ల ఆశగా వెనక్కి తిరిగింది. ఆవిడ ధాత్రి కుడిచేతి వైపు చూస్తున్నారు. వేళ్ళకి చుట్టుకుని అమ్మవారి పొట్టి నార ఇంకా అక్కడే ఉంది.

"అది కొయ్యకి తగిలించి వెళ్ళమ్మా. మళ్ళీ శుక్రవారానికి ఇంకెవరికో కావాలి."