తిరుపాలు చెయ్యి వేసిన బండి

పొరపాటు చేసి, ఒప్పుకోవడానికి సిగ్గుపడి, దాని మీద ఇంత రంగు పూసి కూర్చునేవాడా, నిన్నే అంటున్నాను. చూపు పక్కకు తిప్పకు. ఈ కథ పిల్లలకూ అక్కరకొస్తుంది. కాని ముందు నీకు.

రాజులు పోయి, గుర్రాలు పోయి, వాటి తరువాత వచ్చిన మోటారు సైకిళ్లు కూడా పాతబడి చేతులు మారుతున్న కాలంలో దేవరవాగు అనే ఊరు ఒకటి ఉండేది. ఆ ఊరి చివర ప్రతి శుక్రవారం సంత జరిగేది. పూర్వం అక్కడ ఎద్దులు అమ్మేవారు. తరువాత అదే బయలులో పాత మోటారు సైకిళ్లు అమ్మసాగారు. సరుకు మారింది గాని ఆచారం మారలేదు.

ఆచారం ఇది. కొనేవాడి తరఫున ఎద్దుల సంగతి ఎరిగిన మనిషి ఒకడు వచ్చి ఎద్దును చూసేవాడు. పళ్లు చూసి, సుడులు చూసి, నాలుగడుగులు నడిపించి, నచ్చితే మూపురం మీద చెయ్యి వేసేవాడు. చెయ్యి పడితే బేరం తెగినట్టే. అయితే మరుసటి శుక్రవారం లోపల లోపం బయటపడితే, ఆ చెయ్యి వేసిన మనిషే ఎద్దును మళ్లీ సంతకు తోలుకొచ్చి, పదిమంది ముందు "నా కన్ను తప్పింది" అనాలి. ఆ మాట వినబడ్డాక అమ్మినవాడు మారుమాట లేకుండా వెనక్కి తీసుకోవాలి. బండ్లకూ ఇదే పద్ధతి. మూపురానికి బదులు పెట్రోలు ట్యాంకు మీద చెయ్యి వేసేవారు, అంతే తేడా.

అలా చెయ్యి వేసేవాళ్లలో తిరుపాలుది పెద్ద పేరు. తాత తండ్రులు ఎద్దులను చూసినవాళ్లు. తిరుపాలు బండ్లను చూసేవాడు, కొన్న బండిని ఇంటికి తెచ్చి తానే బాగుచేసి ఇచ్చేవాడు. మూడు తరాలుగా తమ ఇంట్లో ఎవరి కన్నూ తప్పలేదని గొప్పగా చెప్పుకునేవాడు. నిజానికి అతని తాత రెండుసార్లు సంతలో ఆ మాట అన్నాడు. ముసలివాళ్లకు ఆ సంగతి తెలుసు, అందుకే ఆ తాతను మరీ గౌరవించేవారు. తిరుపాలు మాత్రం దాన్ని ఎన్నడూ నోట రానిచ్చేవాడు కాదు.

తిరుపాలు భార్య గురవమ్మకు ఒక్కడే తమ్ముడు, మాలకొండయ్య. ఏడూళ్లు తిరిగి పాలు పోయించుకుని, సైకిలు మీద పట్నానికి మోసేవాడు. అతనికి కొత్తగా ఆడపిల్ల పుట్టింది. ఎండ ముదరకముందే పాలు చేరాలంటే మోటారు సైకిలు కావాలనుకుని, గేదెను అమ్మి, ఆ డబ్బు బావ చేతిలో పెట్టాడు. ఏ బండి, ఎంతకు అని ఒక్క ప్రశ్న వేయలేదు.

ఆ శుక్రవారం తిరుపాలు ఒక నల్ల బండి ముందు ఆగాడు. అది అప్పటికే నలుగురి చేతులు మారింది. ఇంజను శబ్దం విన్నాడు. పొగ రంగు చూశాడు. చక్రాలు తిప్పి చూశాడు. చుట్టూ జనం పోగయ్యారు. వాళ్లలో ఒకడు, "ఏం తిరుపాలూ, బామ్మర్దికి బండిని చూస్తున్నావా, పిల్లను చూస్తున్నావా?" అన్నాడు. అందరూ నవ్వారు. ఇంకొకడు, తిరుపాలు కన్ను మసకబారినట్టుందని తోక తగిలించాడు.

ట్యాంకు ఎత్తించి దాని కింద బండి మెడ చూడటం తిరుపాలు అలవాటు. మెడ అంటే ముందు చక్రమూ హ్యాండిలూ వచ్చి కూర్చునే గొట్టం. బండి బరువంతా అక్కడే ఆగుతుంది. ఆ నవ్వులు విని అతనికి రోషం వచ్చింది. మెడ చూడకుండానే ట్యాంకు మీద చెయ్యి వేశాడు.

ఆదివారం నాడు ఇంటి ముందు బండిని విప్పాడు. ఇంజనును కిరసనాయిలుతో కడిగాడు. కొత్త గొలుసు వేశాడు. బ్రేకులు మార్చాడు. చివరకు ట్యాంకు తీసి, ఉప్పుకాగితంతో మెడ మీద పాత రంగు గీకాడు. రంగు కింద లప్పం బయటపడింది. లప్పం కింద వెంట్రుకంత సన్నటి పగులు, గొట్టం చుట్టూ సగం దాకా పాకి ఉంది.

తిరుపాలు చాలాసేపు దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. శుక్రవారానికి ఇంకా అయిదు రోజులు. బండిని తోలుకెళ్లి మూడు మాటలు అంటే చాలు. కాని సంతలో నవ్విన ఆ మొహాలు అతని కళ్ల ముందు మెదిలాయి.

మొదట వెల్డింగు మౌలాలి దగ్గరికి తీసుకుపోయాడు. మౌలాలి పగులును వేలితో తడిమి, పనిముట్లు పక్కన పెట్టేశాడు.

"మెడకు అతుకు వేయను తిరుపాలన్నా. అతుకు పైకి బాగానే ఉంటుంది, పక్కన మళ్లీ చీలుతుంది. శుక్రవారం సంతకు తోలుకుపో. మాటతో పోయేదాన్ని మనిషి దాకా తెచ్చుకోకు."

అలాగే తోలుకుపోతానన్నాడు తిరుపాలు. అది మొదటి అబద్ధం. ఇంటికి వచ్చి పగులు నిండా లప్పం కూరాడు. ఆరాక నున్నగా రుద్ది, నల్లరంగు రెండు పూతలు పూశాడు.

గురవమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి, బండి నిగనిగ చూసి మురిసింది. మౌలాలి ఏమన్నాడని అడిగింది. గొలుసు సంగతి మాట్లాడుకున్నామన్నాడు తిరుపాలు. ఆమె వెంటనే లోపలికి పోలేదు.

"నాకున్నది వాడొక్కడే. అంతా బాగుంది గదా, ఏమయ్యా?"

"నా చెయ్యి పడ్డ బండే అది," అన్నాడు. అది రెండో అబద్ధం. మాటల్లో చూస్తే అది నిజమే. అందుకే అతనికి అది మొదటిదానికన్నా సులువుగా వచ్చింది.

శుక్రవారం పొద్దున మాలకొండయ్య వచ్చాడు. బండి ఎక్కి వీధి చివరిదాకా పోయి తిరిగొచ్చాడు. మొహం నిండా సంతోషం. అయినా దిగుతూ దిగుతూ ఒక మాట అన్నాడు.

"హ్యాండిలు కాస్త వణుకుతున్నట్టుంది బావా. ఒకసారి చూడరాదూ? ఇంకా సంత ఎత్తలేదు గదా."

"ఇన్నాళ్లూ సైకిలు తొక్కిన చేతులు గదరా, అవి వణుకుతున్నాయి. నాలుగు రోజులు పోనీ."

మాలకొండయ్య తన చేతులకేసి చూసుకుని నవ్వాడు. బావ మాట నమ్మాడు. పోతూ పోతూ బావ కాళ్లకు దండం పెట్టాడు. వణికేది చేతులేనన్నది మూడో అబద్ధం, అన్నిటికన్నా పెద్దది.

రెండు నెలలు బండి బాగానే తిరిగింది. అటో క్యాను, ఇటో క్యాను కట్టుకుని మాలకొండయ్య ఎండెక్కక ముందే పట్నం చేరేవాడు. మొదటి వారం ఆ బండి చప్పుడు వినిపిస్తే తిరుపాలు చేస్తున్న పని ఆపి వీధిలోకి చూసేవాడు. తరువాత చూడటం మానేశాడు. ఇంకొన్నాళ్లకు పగులు అసలు లేదనుకోసాగాడు. దాచినవాడు చివరికి తన నుంచే దాచుకుంటాడు.

ఒకనాటి ఉదయం, వాగు కల్వర్టు దిగే పల్లంలో, మెడ విరిగింది. హ్యాండిలు మాలకొండయ్య చేతుల్లోకి ఊడొచ్చింది. పొలం పనికి పోయేవాళ్లు పరుగెత్తుకొచ్చేసరికి రోడ్డంతా పాలు. అతనిలో ప్రాణం లేదు.

జనం రోడ్డు మీది గుంతను తిట్టారు, క్యాన్ల బరువును తిట్టారు, రాతను తిట్టారు. తిరుపాలును ఎవరూ ఏమీ అనలేదు. పైగా అతని భుజం పట్టుకుని, నువ్వు చూసిన బండిలో లోపమేముంటుందని ఓదార్చారు. ఏ పేరు కోసం నోరు మూసుకున్నాడో ఆ పేరు అతనికి చెక్కుచెదరకుండా దక్కింది. ఒక్కొక్కరు ఆ మాట అంటుంటే అతను తల ఇంకా కిందికి దించుకున్నాడు.

మూడోనాడు మౌలాలి తిరుపాలు ఇంటికి పలకరింపుకు వచ్చాడు. పగులు బండి ఆ వారమే సంతకు వెళ్లిపోయిందనీ, మాలకొండయ్యకు వేరే బండి కొన్నారనీ అతను అనుకుంటున్నాడు. వాకిట్లో పడి ఉన్న విరిగిన గొట్టం దగ్గర ఆగి, దాని అంచున అంటుకున్న లప్పం చూశాడు. గొంతు పెంచలేదు.

"తోలుకుపోతానన్నావు గదన్నా," అన్నాడు, అంతే.

ఆ మాట విని గురవమ్మ లోపల నుంచి వచ్చి, గొట్టం అంచున లప్పం చూసి, మొగుడి ఎదుట నిలబడింది. ఎప్పటినుంచి తెలుసని అడిగింది. కొన్న మూడోనాటి నుంచి అన్నాడు.

"నేనడిగిన నాడు తెలుసా?"

"తెలుసు."

"వాడడిగిన నాడు?"

దానికీ తలూపాడు తిరుపాలు.

ఆమె ఏడవలేదు, శపించలేదు. నాలుగు చీరలు మూటగట్టుకుని తమ్ముడి ఇంటికి పోయింది. పసిపిల్లతో ఒంటరిగా మిగిలిన మరదలికి తోడుగా అక్కడే ఉండిపోయింది.

తరువాతి శుక్రవారం తిరుపాలు సంతలో నిలబడి జరిగినదంతా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఎవరూ తిట్టలేదు. వెనక్కి తీసుకోవడానికి బండీ లేదు, మనిషీ లేడు. ఆనాటి నుంచి అతన్ని బండి చూడమని పిలిచినవాళ్లూ లేరు.

మూడేళ్లు గడిచాయి. తిరుపాలు కూలికి పోతూ, నెలకొకసారి బియ్యం మూట నెత్తిన పెట్టుకుని ఆ ఇంటికి పోయేవాడు. గడప అవతలే దించి, కాసేపు నిలబడి, వచ్చేవాడు. లోపలికి రమ్మన్నవాళ్లు లేరు. ఒకనాడు మాలకొండయ్య కూతురు ఆడుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. అచ్చం తండ్రి నవ్వే. అతన్ని ఎగాదిగా చూసి, ఎవరో వచ్చారు, ఎవరత్తా అని లోపలికి కేకేసింది. మీ మామయ్య అని గురవమ్మ చెబుతుందేమోనని తిరుపాలు ఆగి నిలబడ్డాడు.

గురవమ్మ చిక్కుళ్లు వలుస్తూ ఉంది. తల ఎత్తలేదు.

"మీ నాన్నకు బండి కొనిపెట్టినాయన," అంది.

తెలిసిన లోపాన్ని పరువు కోసం దాచినవాడు, తనను నమ్మినవాళ్లను తన చేతులతోనే పోగొట్టుకుంటాడు.